పెద్దమేస్త్రి ఒప్పుకోని నవల

చిన్నమేస్త్రికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. గోడలకు రంగులు వేసే పనిలో అదొక లోపం కాదు. నిచ్చెన ఎక్కడం, దిగడం, జరపడం, మళ్లీ ఎక్కడం, పొద్దస్తమానం అదే కదా. కానీ నలభై దాటాక అతనికి నవల రాయాలన్న పిచ్చి పట్టుకుంది. అది మాత్రం కూర్చుంటే తప్ప అయ్యే పని కాదు.

చదివే అలవాటు ముందు నుంచీ ఉంది. రంగులు వేయించుకునే వాళ్లు అటక మీది సామానంతా దింపి హాల్లో కుప్ప పోస్తారు. ప్రైమర్ ఆరేలోపు ఆ కుప్పలో ఏదో ఒక పుస్తకం లాగి, తిరగేసిన బకెట్ మీద కూర్చుని చదివేవాడు. అలా ఒక రోజు చదివిన నవలలో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దరు చివరి పేజీలో కావలించుకుని ఏడ్చారు. చిన్నమేస్త్రి పుస్తకం టపీమని మూసేసి "అంతా అబద్ధం" అన్నాడు.

పక్కన పుట్టీ కలుపుతున్న బావమరిది తలెత్తాడు. "ఏది బావా?"

"ఇది. ఇలా జరగదు."

"అయితే ఎలా జరుగుతుందో నువ్వు రాయి."

బావమరిది మాటవరసకన్నాడు. చిన్నమేస్త్రి మాత్రం ఆ మాట పట్టుకుని ఆ వారమే మొదలుపెట్టాడు.

అతనికీ ఒక అన్న ఉన్నాడు. ఇద్దరూ జంటగా పనిచేసేవారు కాబట్టే ఒకరు పెద్దమేస్త్రి, ఒకరు చిన్నమేస్త్రి అయ్యారు. విడిపోయాక కూడా ఆ పేర్లు పోలేదు. ఒక పెద్ద ఇంట్లో పని జరుగుతుండగా ఇంటాయన పైకప్పు చూసి, "ఈయనెవరు, చెయ్యి బాగుందే" అని మెచ్చుకున్నాడు. పెద్దమేస్త్రి, "నా చేతికింద మనిషి" అన్నాడు. తమ్ముడని అనలేదు. చిన్నమేస్త్రి ఆ మధ్యాహ్నమే బ్రష్ కింద పెట్టి బయటికి నడిచాడు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

నవల అదే కథ. ఎలాగూ కూర్చోలేడు కాబట్టి పనిచేస్తూనే ఫోనుకి చెప్పేవాడు. ఫోను జేబులో, వైరు చెవిలో, రోలర్ చేతిలో. చెప్పింది చెప్పినట్టు ఫోను అక్షరాల్లోకి దించేది. సాయంత్రం తెరిచి చూస్తే, "తల్లి కళ్లు తుడుచుకుంటూ కొడుకు వంక చూసి బావా తెల్లరంగు డబ్బా మూత ఎక్కడ పెట్టావ్" అని ఉండేది. బావమరిది అది చదివి పడీపడీ నవ్వాడు. "తీసెయ్యకు బావా, మొత్తం మీద బాగున్న ముక్క అదొక్కటే."

చిన్నతనం, తల్లి, మొదటి నిచ్చెన, అన్నీ చకచకా సాగాయి. గొడవ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. అన్న నోట ఆ మాట అనిపించాడు. బాగా రాలేదు. అరిచి అన్నట్టు రాశాడు, గొణిగినట్టు రాశాడు. ఎలా రాసినా అన్న ఒట్టి దుర్మార్గుడిలా, తమ్ముడు వెన్నముద్దలా తయారవుతున్నారు. తనకే ఎబ్బెట్టుగా ఉంది.

ఇక ఇంట్లో అతని అవస్థ చూడాలి. స్ఫూర్తి కావాలంటే పొద్దున్నే నడవాలని ఎవరో చెబితే నడిచాడు. కాళ్లు నొప్పులు పుట్టాయి గానీ వాక్యం పుట్టలేదు. కుర్చీని కిటికీ దగ్గరికి జరిపాడు, వెలుతురు ఎక్కువైందని తలుపు దగ్గరికి జరిపాడు. కొత్త పెన్ను కొన్నాడు. గడప దగ్గర గోడ పెచ్చు ఊడిందని దానికి పుట్టీ పెట్టాడు, పెట్టాక గోడంతా రంగు వేశాడు. పనిలోనూ మనసు లేదు. ఒకరింట్లో పడగ్గదికి వేయాల్సిన రంగు వంటింటికి వేసి, మళ్లీ అంతా గీకాల్సి వచ్చింది.

ఒక ఆదివారం అతను కుర్చీ మళ్లీ జరపబోతుంటే భార్య కూరలు తరగడం ఆపింది.

"ఏవండీ, ఆ కుర్చీకి నోరుంటే తిట్టేది. అసలు మీకు ఏం తెలియడం లేదు?"

"వాడు ఆ మాట ఎందుకన్నాడో తెలియడం లేదు."

"మరి తెలిసిన మనిషిని అడగచ్చుగా. బతికే ఉన్నారుగా ఆయన."

చిన్నమేస్త్రి విసురుగా చెప్పులేసుకున్నాడు, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. మర్నాడూ అంతే. మూడో రోజు మాత్రం వెనక్కి తిరగలేదు.

మోకాళ్లు అరిగాక పెద్దమేస్త్రి నిచ్చెనలు మానేసి రంగుల దుకాణంలో చేరాడు. రంగు కలిపిన డబ్బాని మిషన్లో బిగించి మీట నొక్కడం ఆయన పని. డబ్బా దడదడమని ఊగుతుంటే పక్కవాడి మాట వినబడదు. తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడితే ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఏ రంగు?" అన్నాడు.

"రంగు కోసం రాలేదు. ఒక మాట అడగాలి."

పెద్దమేస్త్రి చూశాడు. చూసి మీట నొక్కాడు. డబ్బా ఊగినంతసేపూ ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆగాక తమ్ముడు గబగబా అడిగేశాడు. "ఆ రోజు ఇంటాయన ముందు నన్ను చేతికింద మనిషని ఎందుకన్నావ్?"

"నేనా? ఎప్పుడన్నాను?"

"పైకప్పు చూసి మెచ్చుకున్నాడు చూడు, అప్పుడు."

"నాకు గుర్తులేదు. అయినా అంటే ఏమైందిరా, ఊరంతా అనే మాటేగా."

"మరి గొడవ దేనికనుకున్నావ్ ఇన్నాళ్లూ?"

పెద్దమేస్త్రి ముఖం ఎర్రబడింది. "దేనికా? ఆ రోజు నేను పరంజా మీద ఉండగా నిచ్చెన తీసి గోడకి ఆనించి పోయావ్ నువ్వు. ఇంటివాళ్లంతా బయటికి పోయారు. చీకటి పడేదాకా కోతిలా పైనే కూర్చున్నా!"

"నిచ్చెన నేను తియ్యలేదు."

"మరి అదే నడిచెళ్లిందా?"

"నేను తియ్యలేదంటున్నా కదా!"

"మళ్లీ మొదటికొచ్చావ్. పో, పో, పని చేసుకోనీ." మీట నొక్కేశాడు. ఆ దడదడలో ఇద్దరూ ఇంకాసేపు అరుచుకున్నారు, ఒకరన్నది ఒకరికి వినబడలేదు.

బస్సులో కూర్చున్నాక చిన్నమేస్త్రికి ఒళ్లంతా ఒకటే అలజడి. ఇన్నేళ్లూ తామిద్దరూ ఒకే గొడవ పడ్డామనుకున్నాడు. కాదు. ఎవరి గొడవ వాళ్లదే. తను మాట దగ్గర ఆగిపోయాడు, అన్న పరంజా మీద ఆగిపోయాడు. బస్సు కుదుపులకి వేళ్లు తప్పుతున్నా ఫోన్లో టైపు కొట్టడం మొదలుపెట్టాడు. ఖాళీ ఇంట్లో, పైకప్పుకి మూరెడు కింద కూర్చుని, వీధి తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించిన మనిషి గురించి. దిగాల్సిన చోటు దాటిపోయింది.

ఇంటికొచ్చి కొంత రాశాక మళ్లీ ఆగాడు. ఈసారి తటపటాయించకుండా అన్నకి ఫోన్ చేశాడు.

"పైన కూర్చుని ఏం ఆలోచించావ్?"

"ఏం ఆలోచిస్తా? ఒంటేలు వస్తోంది, ఎలారా దేవుడా అని ఆలోచించా." ఫోను పెట్టేశాడు.

చిన్నమేస్త్రి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మర్నాడు సాయంత్రం అన్నే ఫోన్ చేశాడు.

"ఇంకోటి గుర్తొచ్చింది. మొదట తిట్టుకున్నా. పొద్దు వాలాక భయమేసింది. రోడ్డు దాటుతూ నీకేమైనా అయిందేమో అని. లేకపోతే నన్నలా వదిలేసి ఎందుకు పోతావ్? కిందకి దిగాక మీ ఇంటికే వచ్చా. కిటికీలోంచి చూస్తే అన్నం తింటున్నావ్. అప్పుడొచ్చింది కోపం."

"లోపలికి రావాల్సింది" అన్నాడు చిన్నమేస్త్రి.

"నువ్వు పిలవాల్సింది."

ఆ తరవాత దాదాపు రోజూ ఫోన్లే. తమ్ముడు రాసింది చదివి వినిపిస్తే అన్న తప్పులు పట్టేవాడు. ఒకరోజు తల్లి చీర రంగు తప్పు రాశావనేవాడు, ఒకరోజు నాన్న అలా మాట్లాడేవాడు కాదనేవాడు. చిన్నమేస్త్రి ఒళ్లు మండి, ఆయన తప్పని నిరూపించడానికే మరో అధ్యాయం రాసేవాడు. రాయబుద్ధి కాని రోజున కూడా, సాయంత్రం అన్న "ఇవాళ ఏం రాశావ్?" అంటే ఏం చెప్పాలన్న బెదురుకి ఒక పేజీ అయ్యేది. స్ఫూర్తి అంటే ఇదేనా అని భార్యని అడిగాడు. ఆవిడ, "ఏమో, కుర్చీ మాత్రం ఒకచోట ఉంటోంది" అంది.

నవల పూర్తయ్యాక అచ్చుకాగితాలు తీసుకెళ్లి దుకాణంలో ఇచ్చాడు. గిరాకీ లేనప్పుడల్లా పెద్దమేస్త్రి చదువుతుంటే చిన్నమేస్త్రి బయట వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాడు. లోపలికి తొంగిచూడటం, మళ్లీ తిరగడం. చివరికి అన్న పిలిచాడు.

"నేను ఒప్పుకోను."

"నిచ్చెన సంగతేనా?"

"అది కాదు. ఈ తమ్ముడు మరీ మంచోడిలా ఉన్నాడు. నువ్వింత మంచోడివి కాదురా."

చిన్నమేస్త్రికి చెంప చెళ్లుమన్నట్టయింది. కాగితాలు లాక్కుని ఇంటికొచ్చాడు, వాటి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు రెండు పూటలు నిలిచింది. తరవాత మొదటి పేజీ తీశాడు, తమ్ముడు మాట్లాడిన చోటల్లా గీత గీస్తూ పోయాడు. అన్న చెప్పింది నిజమే.

రెండోసారి రాయడం మొదటిసారి కన్నా కష్టమైంది. ఆ ప్రతిని ఒక చిన్న ప్రచురణకర్త వేస్తానన్నాడు, ఎప్పుడన్నది చెప్పలేదు. ఈలోగా చిన్నమేస్త్రికి మళ్లీ కాలు నిలవడం లేదు. నిన్న నిచ్చెన మీద నుంచి బావమరిదిని అడిగాడట, "మీ అక్క పెళ్లికి ముందు ఎలా ఉండేదిరా?" అని. బావమరిది మాత్రం ముందు ఆ ఫోను జేబులోంచి తీసి అవతల పెట్టమన్నాడు.