అయిదో ఏడాది మా పేటది

టౌను అంచున ఉన్న అయిదు పేటలకు కలిపి మాది ఒకటే పంచాయతీ. అందులో నేనొక వార్డు మెంబరుని. పోటీ లేకుండా గెలిచాను. అసలు ఎవరికీ పోటీ లేదు. నామినేషన్లకు ముందే పేటల పెద్దలు రామమందిరం అరుగు మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఏడాదికో పేట. ఆ ఏడాది పనులన్నీ ఆ పేటకే, మిగతా నాలుగూ నోరెత్తకూడదు. వరస ఎగువ నుంచి దిగువకు. మాది అన్నిటికంటే పల్లం కాబట్టి అయిదోది. గొడవ లేకుండా తేలిపోయిందని అందరం టీలు తాగాం. నేనూ తాగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ప్రతి పేటా అడిగింది మురుగు కాలువే. మొదటి ఏడాది ఎగువ పేటవాళ్లు సిమెంటు కాలువ కట్టుకుని, సరిగ్గా తమ హద్దు దగ్గర ఆపేశారు. రెండో పేటవాళ్లు అక్కడి నుంచి తమ హద్దు దాకా. మూడు, నాలుగు కూడా అంతే. ఏడాది గడిచేకొద్దీ నీళ్లు ఇంకా జోరుగా వచ్చి మా మట్టి కాలువలో పడేవి. పల్లం నుంచి మొదలుపెట్టాలని తెలియడానికి ఇంజనీరు అక్కర్లేదు. రోజూ గచ్చు కడిగే దాన్ని, నాకైనా తట్టి ఉండాల్సింది.

మా వీధి చివరింట్లో వరసకు పెద్దమ్మ ఒకామె ఉండేది. కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునేది. సరుకంతా ముందు గదిలోనే. గట్టి వాన పడితే మురుగు గడప దాటేది. తడిసిన చేపను ఎవరు కొంటారు?

"ఏటే పిల్లా, నువ్వు మెంబరువా, గుమ్మానికి కట్టిన గుమ్మడికాయవా?" అని నడివీధిలో నిలబెట్టి కడిగేసేది.

"అయిదో ఏడాది మనదే పెద్దమ్మా. ఓపిక పట్టు" అనేదాన్ని. కళింగపట్నంలో కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతున్నా, నా మాట నమ్మి ఉండిపోయింది.

వరస మార్చమని సర్పంచిగారిని ఎన్నిసార్లు అడిగానో. "పెద్దలు అనుకున్న మాటమ్మా, తప్పితే బాగోదు" అనేవాడు ప్రతిసారీ. "అయితే ఆ మాటేదో నీల్లకి సెప్పండి బాబూ" అన్నాను ఒకసారి, విసుగెత్తి. మీటింగంతా నవ్వింది. తీర్మానం మాత్రం మారలేదు.

అయిదో ఏడాది మొదలైన నెలకే ఆర్డరు వచ్చింది. అయిదు పేటల్నీ టౌనులో కలిపేశారు, పాలకవర్గం రద్దు. మా కాలువ కోసం అర్జీ పట్టుకుని టౌను ఆఫీసుకి వెళ్తే, ఎన్నికలయ్యాక మీ కొత్త మెంబరుతో చెప్పించండన్నాడు అక్కడి గుమస్తా. ఎన్నికలెప్పుడంటే ఫైళ్లు సర్దుకున్నాడు.

ఆ వానాకాలం పెద్దమ్మ ముందు గది గోడ నానిపోయి కూలింది. నేను వెళ్లేసరికి కూతురు ఆటోలో గంపలు సర్దుతోంది. పెద్దమ్మ నన్ను చూసి కూడా గంపలు అందిస్తూనే ఉంది. నాలుగేళ్లలో నన్ను తిట్టకుండా వదిలెయ్యడం ఎప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

"తిట్టు పెద్దమ్మా. నా మాట ఇని కదా ఉండిపోనావు" అన్నాను.

"నిన్ను తిట్టడానికి నువ్విప్పుడు ఎవులవే పిల్లా?" అని, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, ఆటో ఎక్కింది.