పాటకు ముందు ఊపిరి

ఆమె అసలు పేరు బడి రికార్డుల్లోనే ఉండిపోయింది. వీధి మొత్తానికీ ఆమె ఉష్షత్తే. ఎవరు గిన్నె జారవిడిచినా, తలుపు దభాలున వేసినా చెవులు మూసుకుని "ఉష్ష్!" అంటుంది గనక, అన్న కూతురు మూడేళ్లప్పుడు ఆ పేరు పెట్టింది. అది కాస్తా ఊళ్లో స్థిరపడిపోయింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడల చెవులు ఏపాటివిలెండి, అసలు చెవులు ఆమెవి. పక్క వీధిలో బండి ఆగితే అది ఎవరి బండో చెబుతుంది. ట్యూబులైటు రొద పెడుతోందని చీకట్లో కూర్చుంటుంది. కొత్త చొక్కా మెడ దగ్గర కంపెనీ ముక్క ఉంటే, అది కత్తిరించేదాకా ముద్ద దిగదు. చిన్నప్పుడు వాళ్లమ్మ "అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంటూ మొట్టికాయ వేసింది. ఆ మొట్టికాయ సాయంత్రం దాకా చురుక్కుమంటూనే ఉంది. అవి వేషాలు కావు. మనకు తగిలేవే ఆమెకూ తగులుతాయి, కాకపోతే ఒకటికి పది.

ఆ ఒళ్లే ఆమెకు అన్నం పెట్టింది. ఆమెది కుట్టుపని. వీధి గదిలో కాలితో తొక్కే పాత మిషను, కరెంటు మోటారు గీపెడుతుందని పెట్టించుకోలేదు. లోపలి కుట్టు ఎక్కడ గీసుకుంటుందో, ఏ దారం కొస ఎక్కడ గుచ్చుకుంటుందో ఆమెకు ముందే తెలుస్తుంది. ఆమె కుట్టిన గౌను వేసుకున్న పసిపిల్లలు ఏడవరని పేరు.

అంతా బాగానే ఉంది గానీ పాటలతోనే పేచీ. అన్న కూతురికేమో పాటలంటే ప్రాణం. పదేళ్లది, నోట్లో నువ్వుగింజ నానదు. ఏటా బడి వార్షికోత్సవంలో డాన్సు చేస్తుంది, ఏటా ఉష్షత్త గేటు బయటే నిలబడిపోతుంది. ఈసారి పిల్ల పది రోజుల ముందే వచ్చి మిషను పక్కన నిలబడింది.

"అత్తా, ఈసారన్నా లోపల కూర్చుంటావా?"

"చూద్దాంలేవే."

"చూద్దాం అంటే రానని. అమ్మ కూడా అలాగే అంటుంది. మూడు నిమిషాల నలభై సెకన్లే అత్తా!"

మారాం చెయ్యలేదు, ఏడవలేదు. అడిగి వెళ్లిపోయింది. ఉష్షత్తకు మనసంతా ముద్దయిపోయింది. ప్రపంచంలో ఆ పిల్లకంటే ఇష్టమైన మనిషి ఆమెకు లేదు. ఆ పిల్ల డాన్సు మాత్రం ఒక్కసారీ చూళ్లేదు.

"చెవుల్లో దూది పెట్టుకో" అంది వదిన.

"దూదే గరగరమంటుంది వదినా."

పిల్ల డాన్సు చెయ్యబోయేది కొత్త సినిమా పాటకి. ఆ ఏడు ఎక్కడ విన్నా ఆ పాటే. మంగలి షాపులో అదే, మందుల షాపులో అదే. ఉష్షత్త మాత్రం దానికి ఎదురుపడ్డప్పుడల్లా వీధి మారేది. ఇప్పుడు వదినని అడిగి ఫోను తెచ్చుకుని, నాలుగు మడతల దుప్పటి కింద పెట్టి, మొదటిరోజు ఒక్క లైను వింది. మర్నాడు రెండు. కొత్త గుడ్డ కత్తిరించే ముందు కాగితం మీద గీసుకోవడం ఆమె అలవాటు కదా, పాటనూ అలాగే గీసింది. సెకనుకు అర అంగుళం లెక్కన తొమ్మిదడుగుల కాగితం. దెబ్బ తగిలే చోట ఎర్ర సుద్ద, హాయిగా ఉన్నచోట నీలం సుద్ద.

పదకొండో సెకనులో వచ్చే డ్రమ్ము చెవికి కాదు, పక్కటెముకలకు తగిలేది. తాళాలు చెంపల మీద గుండుసూదులు. చప్పట్లు మొదలైతే కళ్లముందు తెల్లగా మెరిసేది. అయితే దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిస్తే సగం నొప్పి అక్కడే పోతుందని ఆమె కనిపెట్టింది. ఇంకోటి కూడా కనిపెట్టింది. మొదటి మాటకు ముందు ఆ పాడే అమ్మాయి చిన్న ఊపిరి తీసుకుంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డలా అది ఉష్షత్త మెడ వెనక తాకింది. ఒళ్లు పులకరించింది. పదిసార్లు వెనక్కి తిప్పి విని, ఒంటరిగా నవ్వుకుంది. సంతోషం కూడా తనకు ఒకటికి పదేనని అప్పటిదాకా ఆమెకు తెలీదు మరి!

రోజుకో మడత చొప్పున దుప్పటి పోయింది. "మనింట్లో పాటా? సూర్యుడు పడమర పొడిచాడా?" అన్నాడు అన్న.

వార్షికోత్సవం నాడు మూడో వరసలో చివరి కుర్చీ. చేతిలో మడిచిన కాగితం. తెర లేచింది. గులాబి గౌన్లలో ఎనిమిది మంది పిల్లలు. ఉష్షత్త ఊపిరి కోసం చెవులు రిక్కించింది.

ఊపిరి రాలేదు. దబదబమని డ్రమ్ము పడింది. కాగితంలో లేని డ్రమ్ము! ఆమె ఒళ్లు జలదరించింది. పైన పిల్లలు కాలెత్తి అలాగే ఆగిపోయారు. "పాపం, మర్చిపోయారు" అని ఎవరో నవ్వారు. "చెయ్యండే!" అని టీచరు తెర చాటు నుంచి గసిరింది. అన్న కూతురు పెదవి వణకడం ఉష్షత్త చూసింది.

లేచింది. పక్కనున్న వదిన ఆమె కొంగు పట్టుకుని ఆపింది. "బయటికేనా?"

"కాదు."

తలుపు ఎడమవైపు, స్పీకర్లు కుడివైపు. ఉష్షత్త కుడివైపు నడిచింది. అడుగడుక్కీ పక్కటెముకలు అదిరాయి. మీసాల సౌండతను మీటల ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏవయ్యా, పాట తప్పు."

"అదే పాటమ్మా. పేరు చూస్కోండి."

"పేరు కాదయ్యా. మొదట ఊపిరి ఉండాలి. దీంట్లో లేదు."

"ఊపిరా?" అని ఎగాదిగా చూశాడు. ఆమె మీటల మీదే కాగితం పరిచేసింది. "ఇదిగో, డ్రమ్ము పదకొండో సెకనుకి. నువ్వు మొదట్లోనే కొట్టావు."

అతను జాబితా కిందికి జరిపి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఒకే పేరుతో రెండున్నాయండీ! ఇది మొదలు కత్తిరించి స్పీడు చేసింది."

హాలు నిశ్శబ్దమైంది. తర్వాత ఆమెంత ఎత్తున్న స్పీకరు పెట్టెలోంచి ఆ ఊపిరి వచ్చింది. ఉష్షత్త చెక్క మీద అరచెయ్యి ఆనించింది. పదకొండో సెకనులో డ్రమ్ము అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. నొప్పి లేదని కాదు. ఉంది. ఆనందం దానికంటే ఎక్కువుంది, అంతే. పిల్లలు గిర్రున తిరిగారు, గౌన్లు విచ్చుకున్నాయి, ఆమె పాదం తనంతట తానే లయ అందుకుంది.

అప్పుడు అన్న కూతురు మూడో వరస వైపు చూసింది. చివరి కుర్చీ ఖాళీ. పిల్ల మొహం వాడిపోయింది. మళ్లీ గేటు దగ్గరికే వెళ్లిపోయిందనుకుంది కాబోలు, ఒక అడుగు వెనకబడింది. ఉష్షత్త చేతులూపింది. పిల్ల ఇటు చూస్తేగా!

సరిగ్గా అప్పుడే పాటలో చప్పట్లు మొదలయ్యాయి, కాగితం మీద అన్నిటికంటే ఎర్రటి చోటు. ఉష్షత్త గుండెల నిండా గాలి పీల్చుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"ఒసేయ్! ఇక్కడున్నానే!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. సౌండతను రెండు చెవులూ మూసుకున్నాడు. పిల్ల గిరుక్కున చూసింది. ఇంకో రెండు అడుగులు తప్పింది, ఈసారి నవ్వుతూ.