మస్తాన్ బాబాయి కొలతపుల్ల

నేను సైన్సు టీచర్ని. ఎవరన్నా దెయ్యాన్ని చూశామంటే, ఎంత దూరం నుంచి, వెలుతురు ఎటునుంచి పడిందని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే అడుక్కుంటున్నాను.

ఎనభైల్లో మాచర్లలో పనిచేసేదాన్ని. ట్రైనింగని పది రోజులు గుంటూరులో ఉండాల్సి వచ్చి, నా కుక్క భీముణ్ణి పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వెళ్ళాను. అది ముద్ద ముట్టలేదట. నేను తిరిగొచ్చేసరికి పూడ్చేశారు కూడా. వదిలేసి పోయాననుకునే చచ్చిపోయిందేమోనని కుమిలిపోయాను.

అంతకుముందే చచ్చిపోయిన నా చిలక గిన్నె, పిల్లి మెడలోని గంట, భీముడి బెల్టు పెట్టుకోడానికి మూడు అరల చెక్క స్టాండు చేయించాలనుకున్నాను. బస్టాండు వెనక ఉండే వడ్రంగి మస్తాన్ బాబాయికి పని చెప్పాను. ఎందుకో మాత్రం చెప్పలేదు, నవ్వుతాడని.

ఆయన పనితనం చానా గొప్పది. మేకు అన్నదే కొట్టడు. చెక్కలో చెక్క దూర్చి అరచేత్తో తడితే సందులో వెంట్రుక పట్టదు. టేపు వాడడు. ఒక్కో పనికి ఒక్కో పుల్ల తీసుకుని, కొలతలన్నీ దానిమీదే గాట్లు పెట్టుకుంటాడు. పనయ్యాక ఆ పుల్ల మనకే ఇచ్చేస్తాడు.

బడి వదిలాక వారంపాటు రోజూ వెళ్ళి ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను.

స్టాండు ఇచ్చిన రోజు చూస్తే, ముందు వైపు ఎడమ కాలికి, నా మోకాలంత ఎత్తులో, ఒక్కచోట అంచు గుండ్రంగా తీసి ఉంది.

"ఇదేంది బాబాయ్, ఇక్కడొక్కచోటే తీశావు?"

"నీ కుక్క మెడ రుద్దుకునేది అక్కడే గదమ్మా. గీసుకుంటదని తీశా."

"ఏ కుక్క?"

"రోజూ నీ యెంబడి వచ్చేదే. నువ్వు కూర్చుంటే కాళ్ళకాడ పడుకుంటది, నువ్వు లేస్తే లేస్తది. నిన్నొదిలి ఒక్కపూటన్నా ఉందా అది?"

వీధికుక్క ఏదో నా వెనకే వచ్చి ఉంటుందనుకున్నాను. అయినా స్టాండుతోపాటు ఇచ్చిన పుల్ల తీసుకుని గబగబా ఇంటికొచ్చాను.

మా ఇంటి గుమ్మానికి, భీముడు మెడ రుద్దీ రుద్దీ జిడ్డు మరక పడి ఉంది. పుల్లను ఆ గుమ్మానికి ఆనించాను. ఆ గుండ్రటి చోటుకి పెట్టిన గాటు సరిగ్గా మరక మీదకే వచ్చింది. బాబాయి మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేలోపు ఎన్నిసార్లు కొలిచానో, ఒక్కసారీ తేడా రాలేదు.

ఎట్లా అంటే నాకు తెలియదు. భీముడు నన్ను తప్పుగా అనుకోలేదన్నది ఒక్కటే తెలుసు. ఆ రోజు కరువుతీరా ఏడ్చి, నెలరోజుల్లో మొదటిసారి సరిగ్గా అన్నం తిన్నాను.

స్టాండుకి ఆ గుండ్రటి చోట ఈమధ్య జిడ్డుగా నల్లబడుతోంది. మా ఇంట్లో ఇప్పుడు కుక్క లేదు. తుడవబుద్ధి కాక అట్లాగే ఉంచాను.