పదిహేడో కిలోమీటరు పిలుపు

డోరీన్ హాల్వర్సన్ నడిపే వ్యాన్‌లో స్టీరింగు పక్కన ఒక పాత రేడియో మైకు వేలాడుతూ ఉంటుంది. దాని మెలికల తీగ ఏ పెట్టెకూ తగిలించి ఉండదు. నొక్కితే టక్కుమంటుంది, అంతే. వ్యాంకూవర్ హోటళ్ళ ముందు ఆ వ్యానెక్కి విస్లర్ కొండల దాకా ఒక్కరోజు షికారు వెళ్ళే పెద్దమనుషులు చాలామంది దాన్ని చూసి నవ్వారు. కంపెనీ నడిపే ట్రెవర్ అయితే పీకి పారెయ్యమని పోరుపెట్టాడు.

"అది లేకపోతే నాకు బండి నడిపినట్టే ఉండదు ట్రెవర్," అంది డోరీన్.

"దానికి రేడియోనే లేదు కదా."

"నీకు జుట్టు లేదు. జేబులో దువ్వెన పెట్టుకుని తిరగట్లేదూ?"

ట్రెవర్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆమెకు అరవై దాటాయి. పుట్టిందీ, పెరిగిందీ, ఇప్పటికీ ఉంటున్నదీ స్క్వామిష్‌లోనే. నగరానికీ విస్లర్‌కీ నడిమధ్య ఊరది. పొద్దున్నే నగరానికి దిగుతుంది, జనాన్ని ఎక్కించుకుంటుంది, మళ్ళీ తన ఇంటి పక్కనుంచే కొండెక్కిపోతుంది. ఇంట్లో కాఫీ గ్లాసు మర్చిపోయినా ఆగదు. బండిలో మనుషులుండగా సొంత పనికి ఆగకూడదన్నది ఆమె పట్టుదల. అలాంటి పట్టుదలలు ఆమెకు బోలెడు.

వ్యాను కంటే ముందు ఇరవై ఏళ్ళకు పైగా స్క్వామిష్ లోయలో దుంగల లారీ తోలింది. క్యాంపు మొత్తానికి ఆడ డ్రైవరు ఆమె ఒక్కతే. మొదటిరోజు ఒకడు, "వంటిల్లు అటువైపమ్మా," అని దారి చూపించాడట. "తెలుసు. ఆకలేస్తే నువ్వెళ్ళు, నాకు లోడుంది," అని లారీ ఎక్కేసింది. ఆ నోటికి దణ్ణం పెట్టాలి.

అడవిలో దారి ఒక్క బండి పట్టేంతే. పై నుంచి దుంగల బరువుతో దిగే లారీ కోరినచోట ఆగదు. అందుకని దారిమీదున్న ప్రతివాళ్ళూ తామెక్కడున్నారో రేడియోలో పిలుస్తూ ఉండాలి. "పైకి, ఖాళీ, పన్నెండు." "కిందికి, లోడు, పద్నాలుగు." ఆ అంకె కిలోమీటరు రాయిది. లోడు బండి వస్తోందంటే ఖాళీ బండి పక్కకు తప్పుకోవాల్సిందే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పన్నెండులో పిలిచిన మనిషి పద్నాలుగులో పిలవలేదనుకోండి, అందరూ ఎక్కడివాళ్ళక్కడ వెడల్పు చోటు చూసుకుని ఆగిపోవాలి. గొంతు వినపడేదాకా ఒక్క చక్రం కదలకూడదు. ఓసారి అలా గంటసేపు దారంతా ఆగిపోయింది. తీరా చూస్తే ఆ మహానుభావుడు మైకు మీద టీ ఒలకబోసుకున్నాడు. సాయంత్రం వాణ్ణి అందరూ కలిసి కడిగేశారు. ఆగడం దండగని మాత్రం ఒక్కరూ అనలేదు.

తర్వాత అడవి పని పడిపోయింది. డోరీన్ లైసెన్సు మార్చుకుని షికారు వ్యానులోకి వచ్చింది. కొత్తలో ఒకరోజు నాలుగు వరసల హైవే మీద, నిండా ప్రయాణికులుండగా, ఎదురుగా దుంగల లారీ కనపడగానే అలవాటుకొద్దీ సర్రున పక్కకు తీసి ఆపేసింది. "ఏమైంది?" అని అందరూ కంగారుపడ్డారు. "లోడు దిగుతోంది," అంది డోరీన్ గంభీరంగా. ఆ లారీ అవతలి వరసలో, మధ్యలో గోడకి ఆవలగా, దాని దారిన అది పోయింది. వెనక సీట్లోంచి ఒకాయన, "మనల్నేమైనా గుద్దుతుందా అమ్మా, గోడ దూకొచ్చి?" అన్నాడు. స్క్వామిష్‌లో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. అందరికంటే ముందు తనే నవ్వుతుంది.

పోయిన సెప్టెంబరులో ఓవెన్ ప్రిచర్డ్ అనే ఆయన ఫోన్ చేశాడు. శనివారం విస్లర్‌లో తన కూతురు కారిస్ పెళ్ళి, మధ్యాహ్నం ఒంటిగంటకి. నార్త్ వ్యాంకూవర్‌లో ఉన్న తన తల్లిని తీసుకురావాలి.

"ముందే చెప్తున్నా, అమ్మ దారిలో తిప్పెయ్యమంటుంది," అన్నాడు. "మా నాన్న ఆ రోడ్డు మీదే పోయాడు. కొండరాళ్ళు పడి. ముప్ఫై ఏళ్ళు దాటింది. నా పెళ్ళీ విస్లర్‌లోనే పెట్టుకున్నాం. అప్పుడు అమ్మ లయన్స్ బే ఊరి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది."

"మీరే తీసుకురావచ్చుగా?"

"మా కారెక్కితే ఏడుస్తుంది. పరాయివాళ్ళ ముందైతే బింకంగా ఉంటుంది. అదే నా ఆశ."

శనివారం పొద్దున మేవిస్ ప్రిచర్డ్ నీలం కోటు, ముత్యాల దండ వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, సన్నగా నిటారుగా. డోరీన్‌ని ఎగాదిగా చూసింది.

"డ్రైవరు నువ్వేనా అమ్మాయ్?"

"నన్ను అమ్మాయ్ అని పిలిచి ఎన్నేళ్ళయిందో. ఎక్కండి, ముందు సీట్లో కూర్చోండి."

హార్స్‌షూ బే దాటగానే సముద్రం ఎడమపక్కకి వచ్చేసింది. నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవలేదు, దీవులు సగం సగం కనపడుతున్నాయి. కుడిపక్కన కొండ నిలువుగా లేచింది. ఎంతోమంది డబ్బుపోసి చూడ్డానికొచ్చే దారి అది. మేవిస్ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. లయన్స్ బే బోర్డు రాకముందే, కళ్ళు తెరవకుండానే అంది.

"తిప్పెయ్యి."

డోరీన్ ఇంకో రెండు మాటలు చెప్పి చూడొచ్చు. మనమైతే అదే చేస్తాం, ఏం కాదండీ, వచ్చేశామండీ అంటాం. ఆమె అలాంటివి అనదు. బండిలో కూర్చున్న మనిషికి అబద్ధం చెప్పకూడదన్నది ఇంకో పట్టుదల. రోడ్డు వెడల్పైన చోట పక్కకు తీసి ఆపింది.

"తిప్పమంటే తిప్పేస్తాను. మీ ఇష్టం. కానీ ఒక్క మాట. కళ్ళు మూసుకుంటే ఈ దారి ఇంకా భయపెడుతుంది. మనమెక్కడున్నామో తెలీదు కదా."

"తెరిస్తే?"

"తెరిస్తే పనుంటుంది." డోరీన్ మైకు తీసి ఆమె చేతిలో పెట్టింది. "కొత్తగా లారీ ఎక్కినవాళ్ళకి మొదట ఇదే నేర్పుతాం. హార్స్‌షూ బే సున్నా. కిలోమీటరు తిరగ్గానే ఇదుగో, ఈ మీటరులో అంకె చూసి నేను చెప్తాను. మీరు నొక్కి పిలవాలి. పైకి, ఇద్దరం, పది. అలాగన్నమాట."

మేవిస్ తీగ చివర పట్టుకుని చూసింది. "ఇది దేనికీ తగిలించి లేదే?"

"లేదు."

"మరి ఎవరు వింటారు?"

"నేను వింటాను. దారిమీద ఒక్కరు విన్నా చాలు."

"నీకు పిచ్చా అమ్మాయ్?"

"మా ట్రెవరూ అదే అంటాడు."

మేవిస్ ఒక నిమిషం మైకు వంక చూసింది. తర్వాత నొక్కింది. "పైకి. ఇద్దరం. పది," అంది, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. వ్యాను కదిలింది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

పదమూడుకి ఆమె గొంతు పెరిగింది. పద్నాలుగు దగ్గర దూరాన వెళ్తున్న పడవను చూసి, "అది బోవెన్ దీవి పడవా?" అని అడిగింది. పదిహేను, పదహారు కూడా పిలిచింది. "పదిహేడు," అని డోరీన్ అందించింది. మైకు టక్కుమంది. మాట రాలేదు.

డోరీన్ కొంచెం ముందున్న వెడల్పు చోట ఆపి, ఇంజను కట్టేసింది.

"ఎందుకాపావు?"

"పిలుపు రాలేదు."

"ఇది నీ అడవి కాదు కదా."

"కాదు. అయినా పిలుపు రాలేదు. మీరు తిప్పమంటే తిప్పుతాను. పిలిస్తే ముందుకెళ్తాను. రెండూ లేకపోతే ఇక్కడే ఉంటాం."

"పెళ్ళికి ఆలస్యమవుతుంది."

"అవుతుంది."

ఫోను మోగింది. ఓవెన్. "ఆగాం. బాగానే ఉన్నాం. ఎప్పుడొస్తామో తెలీదు," అని పెట్టేసింది. పక్కనుంచి బండ్లు రయ్యిమని పోతున్నాయి. డోరీన్ మనసులో మాత్రం నిమిషాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఈ ముసలావిడ ఇప్పుడు వెనక్కి వెళ్తే ఇంక ఎప్పటికీ ఈ దారి ఎక్కదని ఆమెకు తెలుసు. అయినా కిమ్మనలేదు. అలా నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ నోటితో పరిచయమున్నవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి మేవిస్సే మాట్లాడింది.

"ఇక్కడే. మా ఆయన ఐవర్ విస్లర్‌లో, కొండెక్కించే లిఫ్టుల మెకానిక్కు. ఆరోజు వాన. గుమ్మం దిగి బండి స్టార్టు చేశాడు. లంచ్ డబ్బా మర్చిపోయాడని నేనే కేకేసి వెనక్కి పిలిచాను. పిలవకపోతే రాళ్ళు పడే వేళకి ఈ చోటు దాటిపోయుండేవాడు. ఎవరికీ చెప్పలేదిది. ఓవెన్‌కి కూడా."

డోరీన్ ఆమె వైపు తిరిగింది.

"డబ్బాలో ఏం పెట్టారు?"

మేవిస్ తెల్లబోయింది. "ఏంటి?"

"ఆరోజు డబ్బాలో."

"చీజు, ఉల్లిపాయ. నేను పట్టిన పచ్చడి. బ్రెడ్డు కూడా ఇంట్లో చేసిందే."

"అయితే మీరు పిలవకపోయినా ఆయన వెనక్కొచ్చేవాడు. నేనైనా వచ్చేదాన్ని."

మేవిస్ నోరు మూసుకోబోయి నవ్వేసింది. ఆ నవ్వే ఏడుపయింది. పరాయి మనిషి ముందు, బింకం గింకం అన్నీ వదిలేసి, ముత్యాల దండ మీద కన్నీళ్ళు కారేలా ఏడ్చింది. డోరీన్ ఓదార్చలేదు, భుజం తట్టలేదు. తన శాండ్‌విచ్ చుట్టుకొచ్చిన కాగితపు రుమాలు తీసిచ్చింది. దానికి గుడ్డు వాసన. మేవిస్ దాంతోనే ముఖం తుడుచుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"పైకి. ఇద్దరం. పదిహేడు."

వ్యాను కదిలింది.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. షానన్ జలపాతాన్ని పిలిచింది, చీఫ్ కొండ బండను పిలిచింది, దాని మీద చీమల్లా పాకుతున్నవాళ్ళను చూసి, "వీళ్ళకి తల్లులు లేరా?" అని మైకులోనే కోప్పడింది. స్క్వామిష్‌లో పెట్రోలు పోయించుకుంటూ డోరీన్ ఓవెన్‌కి కబురు పెట్టింది: "పదిహేడు దాటాం. ఇద్దరం." ఆయనకి ఆ అంకె అర్థం కాలేదు గానీ, దాటాం అన్నమాట అర్థమైంది.

విస్లర్‌లో సరస్సు ఒడ్డున కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒంటిగంట ఎప్పుడో దాటింది. పెళ్ళి జరిపించే ఆవిడ వాచీ చూసుకుంటోంది. కారిస్ పెళ్ళిగౌను మోకాళ్ళ దాకా పట్టుకుని, కాళ్ళకి కాన్వాసు బూట్లతో మెట్లమీద కూర్చునుంది. నానమ్మ వస్తేనే లేస్తానని భీష్మించింది. వ్యాను కనపడగానే పరుగెత్తుకొచ్చింది.

"నానమ్మా, వచ్చేశావా? నిజంగా వచ్చేశావా?"

"వచ్చాను గానీ, ఆ బూట్లేంటే?"

తర్వాత చూసుకున్నారు, మేవిస్ చేతిలో మైకు అలాగే ఉంది. తీగ నేలమీద ఈడ్చుకుంటూ పెళ్ళిలోకి నడిచింది. డోరీన్ అడగలేదు. పెళ్ళి ఫోటోలు ఎవరైనా చూస్తే, మొదటి వరసలో నీలం కోటు పెద్దావిడ ఒళ్ళో నల్లటి మైకు ఉంటుంది. ఓవెన్ ఆమె పక్కన కూర్చుని ఉంటాడు, కళ్ళు ఎర్రగా.

సాయంత్రం ఎండ వాలుతుండగా తిరిగి బయల్దేరారు. కిందికి దిగేటప్పుడే ఆగడానికి వీలైన టాంటలస్ కొండల్ని చూసే చోట డోరీన్ ఆపింది. మంచు శిఖరాలన్నీ నారింజ రంగుకి తిరిగి ఉన్నాయి. మేవిస్ రుమాల్లో చుట్టి తెచ్చిన పెళ్ళికేకు తీసి సగం డోరీన్‌కి పెట్టింది.

"పదిహేడు దగ్గర నిద్రపోతే నన్ను లేపు," అంది. "ఐవర్‌కి పెళ్ళి కబురు చెప్పాలి."

"అలాగే."

స్క్వామిష్ దాటేసరికి ఆమె తల కిటికీకి ఆనుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నగా గురక. ముప్ఫై ఏళ్ళుగా పేరు చెబితే వణికిన దారిలో, కొండకీ నీటికీ మధ్య, ఆవిడ పసిపిల్లలా నిద్రపోతోంది.

పొద్దుటి లెక్కలో పద్దెనిమిది. డోరీన్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. ప్రయాణికుల మాట ఆమె ఎన్నడూ దాటలేదు. ఆ రోజు దాటింది. మేవిస్ ఒళ్ళోంచి మైకు మెల్లగా తీసుకుని, గొంతు తగ్గించి పిలిచింది.

"కిందికి. ఇద్దరం. పదిహేడు. ఐవర్ గారూ, కారిస్ పెళ్ళి బాగా జరిగింది. మేవిస్ గారు వచ్చారు. ఇప్పుడు నిద్రపోతున్నారు."

నార్త్ వ్యాంకూవర్‌లో ఇంటి ముందు బండి ఆగాక మేవిస్ ఉలిక్కిపడి లేచింది. కోటు సర్దుకుంది, కిటికీలోంచి చూసింది.

"పదిహేడు వచ్చిందా?"

"దాటిపోయింది."

"లేపమన్నానా లేదా?"

"మీరు గురకపెడుతున్నారు."

"నేను గురకపెట్టను." ముత్యాల దండ సరిచేసుకుంది. "నువ్వు చెప్పావా?"

"చెప్పాను. పెళ్ళి బాగా జరిగిందని, మీరు వచ్చారని."

"కారిస్ ఆ బూట్లేసుకుందని చెప్పావా?"

"అయ్యో, అది మర్చిపోయాను."

మేవిస్ తలుపు తెరిచి, చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"నీకు ఒక్క పనీ సరిగ్గా చేతకాదు అమ్మాయ్. వచ్చే నెల మళ్ళీ రా. నేనే వచ్చి చెప్తాను."