పది గంటలకు పనికి వెళ్ళిన సావీ

1997 మార్చిలో, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక చొక్కాల ఫ్యాక్టరీ యజమాని నలభై మంది కుట్టుపని స్త్రీల చేత భోజన విరామంలో ఒక కాగితంపై సంతకాలు చేయించుకున్నాడు. ఇకపై వారు ఉద్యోగులు కారట, స్వతంత్ర కాంట్రాక్టర్లట! యూనియన్ రక్షణ, సెలవులు, కొత్త కార్మిక చట్టం ఇచ్చిన హక్కులు ఆ ఒక్క కాగితంతో చెల్లకుండా పోతాయట. తెల్లవాళ్ళ పాలన పోయి మాకు ఓటు వచ్చి మూడేళ్ళు తిరగకముందే ఈ దగా. దాని నకలు నా దగ్గర ఉంది. నేటికీ చదివితే ఒళ్ళు మండుతుంది.

సంతకం చేసిన వారిలో నా భార్య రానీ ఉంది. ఆమె పక్క మిషను మీద ఇరవై రెండేళ్ళుగా కాలర్లు కుడుతున్న, చాట్స్‌వర్త్ పేటలో ఉండే సావీ కూడా ఉంది. సావీ యూనియన్ ప్రతినిధి. భర్తకు పని లేదు, ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

“బావా, అందరం సైన్ పెట్టేసినాం. ఇంక దారి లేదా?”

వకీలునైన నేను చట్టం తిరగేసి, కష్టమే అన్నాను.

“కంట్రాక్టర్ అంటే ఎవురు బావా?”

“తన పనికి తానే యజమాని.”

“అట్లనా!” అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏడు గంటల సైరన్‌కు రాలేదు. పదింటికి తాపీగా వచ్చింది. ఫోర్‌మన్ ట్రెవర్ మండిపడ్డాడట.

“ఏం సావీ, ఇది నీ పుట్టిల్లా?”

“పుట్టిల్లయితే పన్నెండుకి లేస్తును. నేను కంట్రాక్టర్ని ట్రెవర్, నాకు నేనే బాసు.”

“బాసంట! వార్నింగ్ లెటర్ ఇస్తా.”

“ఇయ్యి. స్టాంపు కూడా గట్టిగా గుద్దు.”

మూడు రోజులు పదింటికే వెళ్ళింది. మూడు హెచ్చరికలు వచ్చాయి. నాలుగో రోజు తొలగింపు లేఖ ఇచ్చారు. ఆ నాలుగూ తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు గాని, ఇంత చదివిన నాకు, ఆమె ఎత్తు అర్థం కాలేదు.

కార్మిక వివాదాలు తీర్చే రాజీ కమిషన్ ముందు యజమాని సంతకాల కాగితం చూపించి, ఈమె ఉద్యోగి కాదన్నాడు.

“మరి ఎందుకు తొలగించారు?” అని కమిషనర్ అడిగింది.

“రోజూ ఆలస్యంగా వచ్చింది.”

“కాంట్రాక్టర్‌కు మీరు సైరన్ మోగిస్తారా?”

యజమాని పది నిమిషాలు గడువు కోరాడు. తిరిగి వచ్చి, సావీని పనిలోకి తీసుకుంటానని, నలభై ఒప్పందాలనూ రద్దు చేస్తానని రాసి ఇచ్చాడు.

బయటికి వచ్చాక రానీ ఆమెకు రెండు చేతులూ జోడించింది.

“దణ్ణాలెందుకక్కా? లోపల కూసున్నంతసేపూ నాకు భయమే. చర్చిలో కూడా ఇంత ప్రార్థన చెయ్యలేదు.”

రానీ మరో పదకొండేళ్ళు అక్కడ పనిచేసి, ఉద్యోగిగానే రిటైరైంది. మా ఇంట్లో ఆ జీతపు అన్నం తిన్న ప్రతివాళ్ళూ సావీకి రుణపడి ఉన్నారు, అందరికంటే ముందు నేను.