వరస తిరగబడిన నూతులు

ఇసుకదిబ్బ నూతి నీళ్లు నేను ఒక్కసారే తెచ్చానన్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలోనూ రాసుకోలేదు.

అప్పుడు టెక్కలిలో ఇంజనీరింగ్ చివరి ఏడాది. వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్లో తొమ్మిది నూతుల నీళ్లలో ఉప్పు మూడు నెలలు కొలిచి, సగటును బట్టి వరస కట్టడం నా ప్రాజెక్టు. మొదటి నెల నాన్న తోడొచ్చారు. తర్వాత రెండు నెలలూ ఇసుకదిబ్బ నూతి గట్టు మీద మగవాళ్లు పేకాడుతున్నారు. వాళ్ల మధ్య నుంచి వెళ్లి చేద వెయ్యలేక ఖాళీ సీసాతో తిరిగొచ్చేశాను. పట్టికలో ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉండిపోయాయి.

లెక్కలు చేసే ఖరీదైన సాఫ్ట్‌వేరు కాలేజీ ల్యాబులోనే ఉండేది. సెలవుల్లో పలాస ఇంటర్నెట్ సెంటర్‌లో, అవే ప్రోగ్రాములు నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు వేయించుకున్నాను. మా లెక్చరరు రాసిచ్చిన ఫంక్షన్ల కట్ట, టూల్‌బాక్స్, సీడీలో పట్టుకెళ్లాను. దాదాపు అన్నీ నడిచాయి. పట్టికను చదివే ఫంక్షన్ ఒక్కటే అక్కడ పనిచెయ్యలేదు. దాని బదులు ఆ ఉచిత సాఫ్ట్‌వేరులోనే ఉన్న ఇంకోటి పెట్టాను. ఒక్క ఎర్రరూ రాలేదు. అన్నిటికంటే ఉప్పు తక్కువ ఇసుకదిబ్బ నూతికేనని వచ్చింది.

మా మేనత్తను డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. సంగతి చెప్పగానే నవ్వింది.

"కంపూటరు సెప్పిందేటి? మీ మావ మాట కంటే నయమేలే!"

మర్నాటి నుంచి పక్క నుయ్యి మానేసి అంత దూరం నుంచి బిందె మోసింది.

సెలవులయ్యాక అదే ప్రాజెక్టు కాలేజీలో నడిపాను. ఇసుకదిబ్బ నుయ్యి అట్టడుగున ఉంది. తొమ్మిదింటిలోనూ ఉప్పు దానికే ఎక్కువ. మూడుసార్లు నడిపాను. రెండు చోట్లా వచ్చిన లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాను. టూల్‌బాక్స్ ఫంక్షన్ ఖాళీ గళ్లను వదిలేసి, ఉన్న ఒక్క అంకెనే తీసుకుంది. పలాసలో నేను పెట్టింది ఖాళీల్లో సున్నాలు నింపి మూడుతో భాగించింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఊరొచ్చాను. అత్త అప్పుడే బిందె దించుతోంది.

"అత్తా, ఆ నీళ్లు తాగకు. లెక్క తప్పింది."

"ఓలమ్మ! నోటికి ఉప్పగానే తగిల్నాయి. సదూకున్నదానివి సెప్పేవు కదాని తాగేను."

"సాఫ్ట్‌వేరు తప్పు చేసింది," అన్నాను తల వంచుకుని.

అత్త బిందెడు నీళ్లూ కొబ్బరి మొక్క మొదట్లో పారబోసింది. వచ్చి నా గెడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నాకాసి సూసి సెప్పు. నువ్వా నూతికాడికి ఎల్నావా, లేదా?"