సారు పెంచుకున్న అక్షరాలు

మా సారు పోయారని శుక్రవారం పొద్దున ఆయన ఊరు పామిడి నుంచి ఫోను వచ్చింది. ముందురోజు సాయంత్రం పని మధ్యలో లేచి, ఛాతీలో పట్టేసినట్టుందని బస్సెక్కిన మనిషి. ఫోను పెట్టేసి వెళ్లి దుకాణం తాళం తీశాను. పంట నమోదుకు ఆఖరి రోజు, రైతులు అప్పటికే వరుసలో ఉన్నారు. ఏడవడానికి కూడా తీరిక లేదు.

రాప్తాడులో రైతుల దరఖాస్తులు ఎక్కించే చిన్న కేంద్రంలో మా ఉద్యోగం. సారుకూ నాకూ ఒకటే కంప్యూటరు. పొద్దున నేను, మధ్యాహ్నం నుంచి ఆయన. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే.

నేర్పడమంటే తిట్లు తినడమే అనుకోండి. మొదటి ఏడాది నా ప్రోగ్రాం ఒకటి, తన సౌకర్యం కోసం, సిస్టమ్‌లో తేదీ పద్ధతినే మార్చేసింది. నెల ముందు, రోజు వెనక. మార్చింది మార్చినట్టే వదిలి ఇంటికెళ్లాను. ఆ మధ్యాహ్నం సారు ఎక్కించిన వేరుశనగ రైతుల్లో ఆగస్టు ఏడున విత్తినవాళ్లు జూలై ఎనిమిదికి వెళ్లిపోయారు. మర్నాడంతా ఇద్దరం కాగితాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం.

"మార్చేముందు పాతది ఏముండాదో చదివినావా?"

"లేదు సార్."

"చదవకుండా ఎట్ల మార్చినావప్పా? చదువు, పక్కన పెట్టుకో, అప్పుడు మార్చుకో. లేచేటప్పుడు ఎట్లుండెనో అట్ల పెట్టి పో. నీ ఎనక ఇంగొకరు కూర్చుంటారు."

ఫ్యాను విషయంలోనూ అంతే. తన కోసం తగ్గించుకుంటే, వెళ్లేటప్పుడు మళ్లీ పెంచి వెళ్లేవారు.

ఈ ఏడాది ఆయన చెయ్యి నెమ్మదించింది. సగం కాగితాలు నాకే మిగిలేవి. విసుక్కున్నాను, ఆ మాట మీ దగ్గర దాచను. చూపు తగ్గిందని ఓనరు అంతకుముందే మా కేంద్రంలోనే పనిచేసే ఒక పెద్దాయనను మాన్పించాడు. సారుకు ఈ పని తప్ప వేరే ఆధారం లేదు.

శుక్రవారం తెర వెలగగానే అక్షరాలు రెండింతలున్నాయి. సారు రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది. దాని కోడు తెరిచాను. మొదలుకాగానే సిస్టమ్‌లో అక్షరాల సైజు ఎంతుందో చదువుతుంది, ఆ విలువ దాచుకుంటుంది, సైజు పెంచుతుంది. మూసేటప్పుడు పాత విలువ తిరిగి పెట్టేస్తుంది. ఫైలు తేదీని బట్టి ఏడాదిగా రోజూ ఇదే. ఆయన చూపు తగ్గిన సంగతి ఓనరుకే కాదు, నాకూ తెలియనివ్వలేదు. నా విసుగు చూసే చెప్పలేదేమో. సిగ్గేసింది నాకు. మూయకుండా లేచింది ఆ ఒక్క సాయంత్రమే.

ఓనరు వచ్చి తెర చూశాడు. "ఏమప్పా, ఇంత లావు అక్షరాలు? సారుకు కండ్లు కనపడతా లేకుండెనా?"

"ఆయన పని ఏ పొద్దన్నా తప్పు పోయిందా అన్నా?"

ఓనరు రైతుల వరుస వైపు చూశాడు. "మూసెయ్‌లే, పని చూడు" అన్నాడు.

"ఈ పొద్దుకు ఇట్లే ఉండనీన్నా."

ఓనరు లోపలికి వెళ్లిపోయాడు. నేను మొదటి కాగితం తీసుకున్నాను. కౌంటరు అవతల నిలబడ్డ ముసలి రైతు పక్కకు వంగి తెర చూశాడు.

"ఏమప్పా, ఈ పొద్దు నా పేరు ఈడ నుంచే కనపడతాండాది. ఆ సర్వే నంబరులో ఒక అంకె తప్పుండాది, చూడు."

దిద్దాను. ఆయన గాలిలో వేలు కదుపుతూ ఒక్కో అంకే మళ్లీ చదువుకున్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా తెర వైపు మెడలు చాచారు.